రాజలింగం మాస్టరు క్యాసెట్టు మీది మాట

మొన్న కోరుట్ల నుంచి జగిత్యాలకు పోతుంటే బస్సులో నా ముందు సీటులోని అమ్మాయి ఫోనులో ఏదో పెట్టింది. పెద్ద డ్రమ్ము మీద రెండు దెబ్బలు పడ్డాయి. మూడో దెబ్బకు వెంట్రుకవాసి ఆలస్యంగా ఒక క్లారినెట్టు అందుకుని పైకి లేచింది. బీడీలు చేయడం మానేసి పదిహేనేళ్లు దాటినా నా వేళ్లు ఒడిలో ఆకు చుట్టడం మొదలుపెట్టాయి. "ఎవలిదమ్మా గీ బ్యాండు?" అని అడిగాను. "ఎవలో పాతోళ్లు ఆంటీ. మస్తుగ కొట్టిండ్రు గదా," అంటూ ఆ పిల్ల ఫోను నా వైపు తిప్పింది. తెర మీద ఇలా ఉంది: పెండ్లి బాజా, జానపదం. కళాకారులు: తెలియదు.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. 'తెలియదు' అని రాసినవాళ్ల మీద ఉంది. తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు. ఈ పాట విషయంలో మూడోది కూడా ఉంది: తెలిసినదాన్ని కాల్చేయడం. అది కాలిన వాసన నేను స్వయంగా పీల్చాను.

రాజలింగం మాస్టరు ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. వాళ్ల కులవృత్తి క్షౌరం, పెండ్లిళ్లకు సన్నాయి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయన పదిహేడేళ్ల వయసులో సికింద్రాబాదు పారిపోయి, తెల్ల సిపాయిల క్లబ్బులో గ్లాసులు కడిగే పనికి కుదిరారు. అక్కడి డ్యాన్సు బ్యాండుకు పెద్ద ఒక గోవా ఆయన. ఈ కుర్రవాడు సన్నాయి ఇంటివాడని విని క్లారినెట్టు చేతిలో పెట్టాడట. పదిహేనుమంది ఒక్కసారిగా ఊదే ఆ బ్యాండులో మాస్టరు మూడేళ్లు వాయించారు. యుద్ధం ముగిసి క్లబ్బు మూతపడ్డాక కోరుట్లకు తిరిగివచ్చి 'రాజలింగం బ్యాండు పార్టీ' పెట్టారు. ఆ తెల్లవాళ్ల సంగీతాన్ని స్వింగ్ అంటారని నేను చాలాకాలం తర్వాత గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. మాస్టరు మాత్రం దాన్ని 'ఊపు' అనేవారు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. రెండిళ్లకూ కలిసి ఉన్న అరుగు మీద కూర్చుని బీడీలు చేసేదాన్ని, ఎదురుగా బ్యాండువాళ్లు సాధన చేసేవారు. సైడుడ్రమ్ము మల్లేశం వేగం పెంచితే మాస్టరు క్లారినెట్టు దించి, "ఏందిర మల్లేశం, పోలీసోడు తరిమినట్టు ఉరుకుతున్నవ్? పెండ్లిపిల్లగాడు సుత గంత తొందర వడడు," అనేవారు. "దెబ్బ పడ్డంక జెర ఆగి అడుగెయ్యాలె. ఆగుట్లనే ఊపున్నది." నేను నవ్వి చేయి ఆపితే నా వైపు తిరిగేవారు. "నువ్వు ఆపకు బిడ్డా. వీళ్లందరి కన్న నీ చేతులే తాళంల ఉన్నయి."

నన్ను గ్రంథాలయంలో సభ్యురాలిగా చేర్పించింది ఆయనే. పూచీ సంతకం కావాలన్నారు. మాస్టరు వచ్చి ఉర్దూలో సంతకం పెట్టారు. నిజాం కాలపు చదువు, తెలుగు అక్షరం రాదు. నేను తెచ్చిన ప్రతి పుస్తకంలో నాలుగు పేజీలు ఆయనకు చదివి వినిపించాలి, అదే షరతు. అట్లా పదేళ్లలో ఆ గ్రంథాలయంలో నేను ముట్టని అర లేదు. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి వాడలో అందరి తెలుగునూ సవరించే స్థాయికి చేరుకున్నాను. ఆ గర్వమే తర్వాత జరిగినదానికి మొదలు.

ఎనభైల చివరలో, మాస్టరు అరవై దాటాక, తన బాణీలు పోకముందే పట్టిపెట్టాలనుకున్నారు. ఏడు బాణీలు, ఏడుగురు మనుషులు. సిరిసిల్లలో రేడియోలు బాగుచేసే సత్తన్న దగ్గర మంచి టేపు యంత్రం ఉండేది. చిక్కల్లా మగ్గాలతోనే. సిరిసిల్లలో కరెంటు ఉన్నంతసేపూ మరమగ్గాల చప్పుడు గోడల్లోంచి వస్తుంది. చప్పుడు ఆగేది కరెంటు సెలవు రోజున మాత్రమే, ఆ రోజు యంత్రం నడవదు. సత్తన్న ఒక జీపు బ్యాటరీ ఊడదీసి తెచ్చి దానికి యంత్రాన్ని కట్టాడు. గుడ్డ తానులు నిండుగా పేర్చిన గోదాములో ఏడుగురూ నిలబడ్డారు. ఆ తానులు శబ్దాన్ని ఎట్లా పీల్చుకున్నాయంటే, ఎవరైనా ఊపిరి తీస్తే అది కూడా విడిగా వినబడేది.

మూడో బాణీ రెండుసార్లు పాడైంది. మొదటిసారి వేములవాడ బస్సు హారను పడింది. రెండోసారి పెద్ద డ్రమ్ము లస్మయ్య తుమ్మాడు. "ముక్కు ఇంటికాడ పెట్టి రాకపోతివిర," అన్నారు మాస్టరు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకుండానే మూడోసారి మొదలుపెట్టారు. బస్సులో నేను విన్నది ఆ మూడోసారిదే.

క్యాసెట్టు డబ్బాలో పెట్టే కార్డు రాసే పని నాది. "ఒక్కొక్కని పేరు రాయి బిడ్డా, ఎవడు ఏం వాయించిండో రాయి," అన్నారు మాస్టరు. "సికింద్రాబాదుల మా గోవా సార్ పేరు ఒక్కటే బోర్డు మీద ఉంటుండె. మేం పద్నాలుగు మందిమి ఎవలకు ఎరుక?" నేను పేర్లన్నీ రాసి, పైన రాయాల్సిన 'బ్యాండు పార్టీ' దగ్గర ఆగిపోయాను. ఒక మంచి పని మీద రెండు ఇంగ్లీషు ముక్కలా? పైగా పార్టీ అంటే మా వైపు అన్నల, అంటే నక్సలైట్ల, పార్టీయే. నిఘంటువు చూశాను. దళం: సమూహం, సేన, పువ్వు రేకు, ఆకు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. 'కోరుట్ల వాద్యదళం' అని రాసి, బ్యాండు మాస్టరుకు 'దళనాయకుడు' అని పెట్టాను.

సత్తన్న చదివి ముఖం మాడ్చుకున్నాడు. "దళం ఎందుకు చెల్లె? అడవిల అన్నలవి సుత దళాలే గదా. పరేషాన్ అయితది. వాద్యబృందం అని పెట్టరాదు?"

"బృందం అంటే భజన చేసినట్టుంటది," అన్నాను. "వేములవాడ రాజన్నకు ఎక్కేది మారేడు దళమే గదా, దానికెవలన్న పరేషాన్ అయిండ్రా? పుస్తకాల మాటను పోలీసులు పట్టుకపోతరా అన్నా?"

మాస్టరు నా ముఖం వైపు చూసి, "బిడ్డ చదువుకున్నది. గట్లనే అచ్చేయించు," అన్నారు.

అచ్చయిన కార్డులు పెట్టిన క్యాసెట్ల పెట్టెతో మాస్టరు ఒక్కరే సిరిసిల్లలో బస్సెక్కారు. అప్పట్లో క్యాసెట్టు అంటే మొదట వచ్చే అనుమానం అన్నల పాటలే. దారిలో పోలీసులు బస్సు ఆపి పెట్టె తెరిచారు. 'దళనాయకుడు: రాజలింగం' అని అచ్చులో కనబడింది. వాళ్లకు ఇంకేం కావాలి? మాస్టరును దారిలోని ఠాణాలో పెట్టారని మరునాడు పొద్దున మల్లేశం వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు.

నేను ఏం చేశానో చెబితే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గ్రంథాలయానికి పోయి నిఘంటువు తీసుకున్నాను. దాన్ని చంకన పెట్టుకుని, మాస్టరు భార్య లక్ష్మవ్వ వెంట ఆ ఠాణాకు పోయాను. అర్థం చూపిస్తే వదిలేస్తారని నిజంగా నమ్మాను. మాస్టరు గోడవారన కూర్చుని ఉన్నారు. ఎడమచేయి తువ్వాలులో చుట్టి ఉంది. మాటతీరును బట్టే ఎస్సై మా ప్రాంతంవాడు కాదని తెలిసింది. నేను పుస్తకం తెరిచి, "సార్, దళం అంటే ఆకు అని సుత అర్థం ఉన్నది. ఈ కార్డు రాసింది..." అనబోయాను.

మాస్టరు అడ్డం పడ్డారు. "సార్, ఆ పిల్ల మాట వట్టించుకోకుండ్రి. బుక్కులు సదివి సదివి దిమాక్ ఖరాబైంది. మా వాడకట్టంత ఎరుకే. నిన్న సుత బర్రెకు పేపరు సదివి ఇనిపిచ్చింది. కార్డు నేనే రాయించిన. సిరిసిల్లల ఎవనితోనో, పేరు యాదికి లేదు."

ఎస్సై పగలబడి నవ్వాడు. కానిస్టేబుళ్లూ నవ్వారు. "ఇంటికి తీసుకెళ్లమ్మా, పెళ్లి చేస్తే కుదురుతుంది," అని లక్ష్మవ్వతో అన్నాడు. నేను ఏడ్చుకుంటూ బయటికి వచ్చాను. అవమానం తప్ప నాకేమీ అర్థం కాలేదు. లక్ష్మవ్వే దారిలో నా చేయి పట్టుకుని, "పిచ్చిదానా, రాసింది నువ్వని తెలిస్తె నిన్ను ఇంటికి పంపుతుండ్రా?" అంది.

ఐదు రోజులకు వదిలారు. తీసుకురావడానికి మేము పోయినప్పుడు ఠాణా వెనుక ఆవరణలో కార్డులు కాలుతున్నాయి. లోపల అంతా విని చూశారట. పాటల్లో మాట అనేదే లేదు, ఉన్నదంతా బాజాయే. అందుకని క్యాసెట్లు తిరిగి ఇచ్చారు, కాగితం మాత్రం కాల్చారు. పోనీ, అనుమానించారు, పట్టుకున్నారు, విన్నారు, తప్పు లేదని తెలిసింది. ఆ తర్వాత కూడా ఏడుగురి పేర్లు ఎందుకు కాల్చాలి? ఆయన ఎడమచేతి ఉంగరంవేలు మళ్లీ వంగలేదు, దాని లెక్క ఎవరు చెప్పాలి? క్లారినెట్టు మీద ఒక రంధ్రం మూతపడకపోతే మిగతా వేళ్లన్నీ ఉండి ఏం లాభం? ఏ కాగితం మీదా ఈ వేలు సంగతి లేదు. అడిగినవాళ్లూ లేరు. పెండ్లిబాజావాడి వేలు అంటే అంతేనన్నమాట.

వారం తర్వాత ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "పార్టీ అనే రాస్త మాస్టరూ, కొత్త కార్డులు అచ్చేయిద్దాం," అన్నాను.

"పార్టీ అని రాస్తె పార్టోళ్లు అంటరు. దళం అని రాస్తె దళం అంటరు," అన్నారాయన. "మనల్ని మనం ఏమనుకోవాల్నో గూడ వాళ్లే చెప్తరా? నువ్వు పెట్టిన పేరు బాగున్నది. రాస్తె గదే రాయి. లేకుంటె వద్దు."

నేను రాయలేదు. భయం. నా పాపం పుస్తకంలోని మాటను ఎంచుకోవడంలో లేదు. ఆయన నిలబడిన మాట దగ్గర నేను నిలబడలేకపోవడంలో ఉంది. కార్డు లేని క్యాసెట్లే పెండ్లిళ్లకూ బస్సులకూ హోటళ్లకూ పోయాయి. ఎవరో నకలు తీశారు, దాని నుంచి ఇంకెవరో. మాస్టరు నాలుగేళ్ల తర్వాత పోయారు. చివరి రోజుల్లో ఒకసారి హోటల్లో తన బాణీ మోగుతుంటే పక్క మనిషి, "ఏ ఊరి బ్యాండో కాకా, బొంబాయిది కావచ్చు," అన్నాడట. నాతో చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బస్సు దిగిన రోజే, ఆ బాణీని ఫోనుల్లోకి ఎక్కించిన సంస్థకు ఏడు పేర్లతో ఉత్తరం రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు: మీరు చెప్పిన పేర్లకు అప్పటి ముద్రిత ఆధారం ఏదైనా ఉంటే పంపగలరు. ఆ వాక్యాన్ని పదిసార్లు చదివాను. ఒకరు కాలుస్తారు, ఇంకొకరు కాల్చినదాన్ని తెమ్మంటారు. మధ్యలో మనిషి 'తెలియదు' అయిపోతాడు. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు దీనికి సరైన మాట ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

ఆ కార్డు నాకు కంఠతా వచ్చు. ముద్రిత ఆధారమే కావాలంటే, మీరు చదువుతున్న ఈ పుస్తకంలో ఇదిగో, అచ్చులోనే ఇస్తున్నాను. ట్రంపెట్టు: ఖాజా, ఎల్లయ్య. యుఫోనియం: నర్సయ్య. సైడుడ్రమ్ము: మల్లేశం. పెద్ద డ్రమ్ము: లస్మయ్య. తాళాలు: పోశెట్టి. క్లారినెట్టు, ఏడు బాణీల కూర్పు: రాజలింగం, కోరుట్ల వాద్యదళం, దళనాయకుడు. కార్డు రాసింది నేను.