సుక్రన్న లెన్స్ మీద గీత

నిన్న పదకొండింటికి స్టాఫ్ రూమ్‌లో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. ఫోన్ మోగింది.

"టీచరమ్మా, సుక్రన్న పోయాడు."

ఏ సుక్రన్న అని అడిగాను.

తెలిసే అడిగాను. ఇంకో సుక్రన్న ఎవరైనా అయితే బాగుండు అనిపించింది.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. డుంబ్రిగుడ సంత దగ్గర ఫొటో స్టూడియో ఆయనది. నైంటీస్‌లో, టూ థౌజండ్స్‌లో ఆ చుట్టుపక్కల కొండల మీద రేషన్ కార్డు ఫొటో అయినా, పెళ్లి ఫొటో అయినా సుక్రన్నే తీయాలి. కొత్తగా టీచర్ పోస్టింగ్ వచ్చి, అక్కడ ఒక్క మనిషీ తెలియని నాకు సొంత అన్నలా దొరికాడు.

మనిషి చాలా మెత్తన. ఒక్క విషయంలో తప్ప.

ఆయన కెమెరా లెన్స్ మీద ఎవరైనా నోటితో ఊదబోయారో, ఇక అంతే.

"ఊదకు! నోట్లో తడుంటాది, గాజు మీద మరకైపోతాది!"

చొక్కా అంచుతో తుడవబోతే చేతి మీద ఒక్కటి పడేది. చిన్నా పెద్దా తేడా లేదు. ఒకసారి ఫొటో దిగడానికొచ్చిన ఆఫీసర్ గారికే పడింది. పాపం ఆయన చెయ్యి రుద్దుకుని నవ్వేశాడు.

సుక్రన్న పద్ధతి వేరు. లెన్స్‌ని నేల వైపు వంచి పట్టుకోవాలి. ముందు గాలి. దానికి పిల్లల చెవులు కడిగే రబ్బరు బుడ్డి ఒకటి మెడికల్ షాపులో కొత్తది కొని పెట్టుకున్నాడు. తర్వాత ఖాళీ ఫిల్మ్ డబ్బాలో దాచిన మెత్తటి కుంచె, వెంట్రుకలకి వేలు తగలకూడదు. అప్పటికీ మరక పోకపోతేనే గుడ్డ. లిక్విడ్ ఒక్క చుక్క, అదీ గుడ్డ మీదే వెయ్యాలి, గాజు మీద కాదు. మధ్యలోంచి అంచుకి గుండ్రంగా, నొక్కకుండా.

"ఎర్ర దుమ్మంటే ఏటనుకున్నావు? అందులో ఇసకుంటాది. ముందల దాన్ని ఎగరగొట్టు. అదుండగా తుడిసినావంటే గీసీసినట్టే."

అందరికీ ఇంత పాఠం చెప్పే మనిషి లెన్స్ మీదే ఒక గీత ఉండేది!

మా వాళ్లందరికీ తెలిసిన జోకే ఇది. ఆయన భార్య బుదరి వదిన ఏళ్ల తరబడి ఆ గీత పేరు చెప్పి ఆయన్ని వాయించింది. వాయించదా మరి? ఆ సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నది ఆవిడ ఒక ఏడాది పసుపు పంట అమ్మిన డబ్బంతా పెట్టి.

ఇవాళ ఈ పోస్ట్ రాస్తున్నది దాని గురించే.

ఆ గీత గీసింది సుక్రన్న కాదు. నేను.

నా ఉద్యోగం రెండో ఏడు. జెండా పండక్కి మా బడి పిల్లల ఫొటో తీయాలి. సుక్రన్నకి జ్వరం. ఎవరి చేతికీ ఇవ్వని కెమెరా నా చేతికిచ్చాడు. అప్పటికి ఈ పాఠాలేవీ లేవు, ఎందుకంటే ఇంకెవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు.

జీపులో వెనక కూర్చుని వెళ్లాను. దిగేసరికి నేనూ కెమెరా ఇద్దరం ఎర్రగా ఉన్నాం. పిల్లలు లైన్‌లో నిలబడిపోయారు. కంగారులో పైట కొంగుతో లెన్స్ గట్టిగా తుడిచేశాను.

కర్రుమని చిన్న చప్పుడు.

ఇప్పటికీ వినిపిస్తుంది.

మర్నాడు కెమెరా ఇచ్చేశాను. ఏమీ చెప్పలేదు. ఆయన గుమ్మం దగ్గర వెలుతురులో అటూ ఇటూ వంచి చూశాడు. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను.

"సంత రోజు రా టీచరమ్మా. నీకొకటి నేర్పుతాను" అన్నాడు. అంతే.

సంత రోజు వెళ్లేసరికి వదిన గుమ్మంలోనే అందుకుంది.

"సూడమ్మా, నా పసుపంతా ఎట్టి కొంటే లెన్సు గీసీసినాడు ఈ మనిసి! ఇప్పుడు నీకు తుడవడం నేర్పుతాడంట!"

చెప్పేద్దామని నోరు తెరిచాను. సుక్రన్న రబ్బరు బుడ్డి నా చేతిలో పెట్టాడు. "బేగి నొక్కమ్మా, సంతకి జనం వచ్చెత్తారు."

నొక్కాను. నోరు మూసుకున్నాను.

ఆ రోజు నుంచి కెమెరా దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకీ పాఠమే.

ఇంకోటి. ఎదురుగా వెలుతురుంటే ఆ గీత వల్ల ఫొటోలో తెల్లటి చార పడేది. అందుకని సుక్రన్న ఎడమ చెయ్యి లెన్స్ పైన గొడుగులా పట్టుకుని తీసేవాడు. అది ఆయన స్టైల్ అనుకున్నారు అందరూ. కుర్రాళ్లు కాపీ కూడా కొట్టారు. ఆ చెయ్యి లేచినప్పుడల్లా నేను నా చెప్పులు చూసుకునేదాన్ని.

డిజిటల్ కెమెరాలొచ్చాక ఒకసారి ధైర్యం చేశాను. "అన్నా, వదినకి చెప్పేస్తాను."

"వొద్దులే. నానే గీసినానని సెప్పీసినాను. ఇప్పుడు మాట మారిస్తే, అబద్దమాడినావని ఇంకో పదేళ్లు తిడతాది."

ఇద్దరం నవ్వుకున్నాం. నిజం చెప్పాలంటే, వద్దన్నందుకు నాకు హాయిగా కూడా అనిపించింది. సిగ్గుగా ఉంది ఇది రాస్తుంటే.

ఈ పొద్దున్న ఆయన్ని సాగనంపి వచ్చాక వదిన పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను.

ఆవిడ ఏడుపులోనే నవ్వింది.

"ఇన్నాళ్లూ ఆ మనిసిని ఒట్టినే తిట్టించినావు కదమ్మా."

లోపలికెళ్లి ఆ పాత కెమెరా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆయన ఫొటో పక్కన పెట్టాలట. "దుమ్ముంది. తుడిసియ్యి. నీకైతే నేర్పినాడు కదా."

వంచి పట్టుకున్నాను. ముందు గాలి. తర్వాత కుంచె. ఆఖర్న గుడ్డ, మధ్యలోంచి అంచుకి.

దుమ్మంతా పోయింది. నా గీత అక్కడే ఉంది.

సుక్రన్నా, నా తప్పు నీ నెత్తిన మోశావు. ఇవాళ దించేశాను. ఇంక నిన్ను ఎవరూ తిట్టరు, ప్రశాంతంగా పడుకో అన్నా.