మేలురకం పన్ను

ఒకే ఒక్క పన్నుతో పెళ్లిచూపుల్ని అల్లకల్లోలం చేసిన ఘనుడు గుంటూరు జిల్లాలో ఎవరైనా ఉన్నాడంటే, అది నేనేనండీ.

తొంభైల చివర్లో నల్లపాడు దగ్గర జిన్నింగు మిల్లులో పత్తి రకం చూసే ఉద్యోగం నాది. గుప్పెడు దూది ఎండలో పట్టి, తెలుపు చూసి, మేలురకమో కాదో చెప్పేవాణ్ణి. రైతులు దండాలు పెట్టేవాళ్లు. పొగరు ఉండదూ మరి? పెళ్లిచూపులు పదిహేను రోజులున్నాయనగా, చెగోడీ కొరికితే ముందుపన్ను సగం విరిగింది.

పళ్ల డాక్టరుగారు పింగాణీ తొడుగు వేస్తానన్నారు. రకరకాల రంగుల పళ్లున్న పట్టీ ఒకటి నా మూతి దగ్గర పెట్టి, "ఈ పసుపుది మీ పక్కపళ్లతో కలుస్తుందండీ," అన్నారు.

"రెండోరకం నాకొద్దండీ. ఆ చివరిది వెయ్యండి."

"మరీ తెలుపండీ. అదొక్కటే కొట్టొచ్చినట్టు కనపడుతుంది."

"తెలుపు గురించి నాకు చెబుతున్నారా డాక్టరుగారూ? రోజూ నా పనే అది!"

పాపం, రెండు వారాలకి చివరిదే చేయించి వేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు ఒక్క పన్ను బాగుచేస్తే మిగతా ముప్ఫై ఒక్కటీ పాడైపోయినట్టు కనపడ్డాయి. మార్పిద్దామంటే చూపులు మర్నాడే.

"ఒరేయ్, అక్కడ మాత్రం నోరు తెరవమాక," అంది అమ్మ.

తెరవలేదు. చిలకలూరిపేటలో వాళ్లేమడిగినా తలే ఊపాను. కాసేపటికి అమ్మాయి తండ్రి మా నాన్న చెవిలో, "అబ్బాయికి మాటలొచ్చాండీ?" అన్నాడు. అంతలో అమ్మాయి వచ్చింది. ఎంత నచ్చిందంటే, ఒళ్లు మరిచి ఇంత నోరు తెరిచి నవ్వేశాను.

వాళ్ల నాయనమ్మ ముందుకు వంగింది. "బాబూ, పంటికి కొబ్బరిముక్క అంటుకుంది, తీసెయ్యి నాయనా."

చేత్తో తుడుచుకున్నట్టు నటించాను.

"పోలా."

నీళ్లిచ్చారు. పుక్కిలించాను.

"ఇంకా ఉందిగా! ఎవరన్నా కాస్త పుల్ల తెచ్చివ్వండే!"

"అది పన్నేనండీ!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను మాట్లాడిన మొదటి మాట అదే, వీధి చివరిదాకా వినపడింది.

సంబంధం తప్పిపోయిందని నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మాయి నోరు విప్పింది.

"నాయనమ్మా, నాకు ఆ పన్ను నచ్చింది. మిగతావే మార్పించుకోమను."

పెళ్లయింది. మిగతావి ఇంకా మార్పించుకోలేదు, మా ఆవిడ ఇంకా అడగడం మానలేదు. అందుచేత మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పళ్ల డాక్టరు నోరు తెరవమంటే తెరుస్తాను. మాట్లాడితే ఒట్టు.