అమ్మాజీ బూజు కర్ర

మంగళవారం ఉదయం చైతన్యపురిలోని ఒక కోచింగ్ సెంటర్లో ఇంద్రాణి చివరి బెంచీలో కూర్చుని డెమో క్లాసు విన్నది. కొత్త లెక్చరర్‌ని తీసుకునే ముందు పాతవాళ్లు విని మార్కులు వేయడం అక్కడి పద్ధతి. ఆమె అక్కడ ఏళ్లుగా జువాలజీ చెబుతోంది. డెమో ఇచ్చేది జ్యోతిక, ఆమె పాత విద్యార్థిని. దరఖాస్తు పెట్టమన్నదీ ఇంద్రాణే. జూనియర్లను జ్యోతిక చూసుకుంటే, సీనియర్ బ్యాచికి తను హాయిగా చెప్పుకోవచ్చనుకుంది.

జ్యోతిక బోర్డు మీద ‘అరేనియా’ అని రాసింది.

"లాటిన్లో సాలెపురుగుకీ ఇదే మాట, దాని గూటికీ ఇదే మాట. గ్రీకు ‘అరాక్నే’కి దగ్గరి చుట్టం. మనకు సాలె అంటే నేతగాడు, పని చూసి పేరు పెట్టాం. రోమన్లు ఒక చుంచెలుక కరిస్తే విషమని భయపడి దానికీ సాలెపురుగు పేరే తగిలించారు. ఇప్పటికీ దాని శాస్త్రీయ నామం సోరెక్స్ అరేనియస్."

ఏటా తను చెప్పే పాఠమే, ఒక్క ముక్క మారలేదు. ఇంద్రాణి నవ్వుకుంది. పాఠం ఎవరి సొత్తని?

"మా అమ్మ బూజు కర్ర పట్టుకుని చెప్పేదండీ," అంది జ్యోతిక. "గూడు దులపవే, దాన్ని చంపకు, రెండూ ఒకటి కాదు అని."

ఇంద్రాణి పెన్ను ఆగింది. ఆ మాట అన్నది అమ్మాజీ, ఇంద్రాణి తల్లి; ఇంద్రాణి ఏటా క్లాసులో చెప్పేది. నిరుడే పోయింది. జ్యోతిక తల్లి రాములమ్మది నల్గొండ వైపు పల్లె, ఎల్బీ నగర్లో టిఫిన్ బండి నడుపుతుంది. ఆమె అయితే ‘దులుపు బిడ్డా’ అంటుంది.

క్లాసయ్యాక ఇంద్రాణి వరండాలో జ్యోతికను అడిగింది. "మీ అమ్మ ఆ మాట ఎప్పుడందే?"

"ఇంటి ముచ్చటతోని కలిపి చెప్పమని మీరే అన్నరు గదా మేడం."

"మీ ఇంటి ముచ్చట."

"మా అమ్మ సాలెపురుగు గురించి ఏం చెప్పలే మేడం. ఎట్ల మరి?"

డైరెక్టర్ వెంకటేశ్వరరావు గదిలోంచి వచ్చాడు. "విన్నారా మేడం, ఆ అమ్మ కథ? సీనియర్లకి ఇలాంటిది పడాలండీ. మీరూ అప్పుడప్పుడు సొంతవి చెబుతుండండి."

ఇంద్రాణి జ్యోతిక వైపు చూసింది. జ్యోతిక ఫోన్ చూసుకుంటోంది.

మార్కుల కాగితంలో ఇంద్రాణి బోధనకు పదికి తొమ్మిది వేసింది. సొంత ఉదాహరణలకు సున్నా వేసింది. డైరెక్టర్ ఆ సున్నా పక్కన ప్రశ్నార్థకం పెట్టి సంతకం చేశాడు.

సోమవారం నుంచి సీనియర్ బ్యాచికి జ్యోతిక చెబుతోంది. ఇంద్రాణికి వారానికి పన్నెండు పీరియడ్లుండేవి. ఇప్పుడు నాలుగు.