పదిహేడో నంబరు సమాధి

మొన్న మధ్యాహ్నం మా కోడలు, నరసరావుపేట కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుందిలెండి, ఫోనులో పిల్లలకు క్లాసు తీసుకుంటుంటే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నాను. స్ప్రెడ్‌షీట్‌లో ఏ గడికా గడి విడిగా ఉంటుందట, ఒక్క నిలువు వరుసను కదిపితే పక్కవి ఉన్నచోటే ఉండిపోవచ్చట. డేటాబేస్‌లో మనుషులకొక పట్టిక, స్థలాలకొక పట్టిక పెట్టి, మనిషికో నంబరిచ్చి దానితో రెంటినీ ముడివేస్తారట, పేర్లను ఎటు తిప్పి పేర్చినా ఎవరి వివరాలు వారిని వదలవట. ఈ సంగతి నాకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా తెలిసింది.

రెంటచింతల పక్కన మా ఊళ్లో చర్చి బడి గుమాస్తాగా ఉన్నప్పుడు, మా సమాధుల తోటకొక పాత పుస్తకం ఉండేది. పేదల సమాధులకు పేర్లుండవు, తలాపున నంబరు చెక్కిన నాపరాయి ముక్క ఒక్కటే, ఏ నంబరు ఎవరిదో ఆ పుస్తకంలోనే చూడాలి. దానికి చెదలు పట్టడంతో అంతా బడి కంప్యూటరులో ఎక్కించి, చెద బీరువాకు పాకకుండా పుస్తకాన్ని తగలబెట్టేశాను. వెతకడానికి వీలుగా ఉంటుందని, మహా తెలివిగలవాణ్ణనుకుని, పేర్ల వరుస ఒక్కదాన్నే అక్షరక్రమంలో పేర్చాను. కంప్యూటరేదో ఇంగ్లీషులో అడిగింది, చదివే ఓపిక లేక రెండింటిలో కిందిదాన్ని ఎంచి సరేనని నొక్కాను. పేర్లు జరిగాయి, నంబర్లు జరగలేదు.

ఆ ఏడే, ఒకప్పుడు మా వీధిలో ఉండి మాచర్ల క్వారీ పనులకు వెళ్లిపోయిన, నేను పిన్నీ అని పిలిచే ఒకావిడ వచ్చింది. ఆమె తొలిచూలు ఆడపిల్ల పేరు పెట్టిన మర్నాడే పోతే, బాలింత రాకూడదని ఆమెను తోటకు తీసుకెళ్లలేదు. పాతిపెట్టొచ్చిన భర్తా ఇప్పుడు లేడు.

"నా బిడ్డ యాడుందో నువ్వన్నా సూసి చెప్పు నాయనా, ఒక్కసారి గూడా పొయ్యి పక్కన కూసోలా" అంది.

కంప్యూటరు చూసి పదిహేడు అన్నాను. అదీ చిన్న సమాధే కావడంతో నాకూ అనుమానం రాలేదు. పిన్ని ఆ రాతిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. ఆపైన ప్రతి సమాధుల పండక్కీ వచ్చి, గడ్డి పీకి, కొవ్వొత్తి వెలిగించి, నా చేతిలో జంతికల పొట్లం పెట్టి వెళ్లేది.

రెండేళ్లకు ఒకాయన తన తండ్రి సమాధి అడిగితే, కంప్యూటరు చెప్పిన నంబరు దగ్గర మూరెడు పసిబిడ్డ సమాధి ఉంది. పేర్లకూ నంబర్లకూ పొంతన తప్పిందని అప్పుడు తెలిసింది. ఆయనకు ఏదో సర్దిచెప్పాను. పిన్నికి మాత్రం చెప్పలేకపోయాను, పిరికితనమే, వేరే పేరెందుకు. వచ్చిన ప్రతిసారీ "నీ పుణ్యాన నా బిడ్డ దొరికింది" అనేది, నేను తలూపి జంతికల పొట్లం అందుకునేవాణ్ణి.

నిరుడు పిన్ని పోయింది. తన కోరిక ప్రకారం పదిహేడో నంబరు పక్కనే సమాధి చేశారు, నేనూ పిడికెడు మట్టి వేశాను.

ఇప్పుడన్నీ పాలరాతి పలకలు, ఫొటోలు, నంబరు అడిగేవాళ్లే లేరు. పోయిన పండక్కి నేనొక్కణ్ణే వెళ్లి, నంబరు రాయి కనిపించిన ప్రతి చిన్న సమాధి దగ్గరా ఒక్కో కొవ్వొత్తి పెట్టాను, ఏదో ఒకటి ఆమె బిడ్డదై ఉంటుందని. కానీ కొన్ని రాళ్లు ఎప్పుడో మట్టిలోకి కుంగిపోయాయి. వాటికి పెట్టలేకపోయాను.