అత్తయ్య పేర్చిన రాళ్లు

పోయినేడు అమెరికా టూర్‌లో అత్తయ్యా నేనూ ఎడారిలో ఎర్రరాళ్ల లోయ ఉన్న ఒక నేషనల్ పార్కు చూడ్డానికి వెళ్లాం. ఆ బండల మీద దారి తెలియడానికి అక్కడక్కడా రాళ్లు పేర్చి ఉన్నాయి. అత్తయ్యది భద్రాచలం వైపు అడవి పల్లె. అక్కడ బాట పక్క అమ్మవారికి వచ్చేపోయేవాళ్లు రాయి పెట్టి మొక్కుతారు.

"ఈడ గూడ అమ్మోరున్నది బిడ్డా" అంటూ, ఫోటోల కోసం నేను లోయ అంచుకు వెళ్లిన ప్రతిచోటా అత్తయ్య రాళ్లు పేర్చి దండం పెట్టింది. ప్రతిసారీ నేను ఆమెనూ, ఆ కుప్పనూ ఫోటో తీశాను.

తిరిగొచ్చేటప్పుడు ఎటు చూసినా కుప్పలే. ఏది దారిదో, ఏది అత్తయ్యదో అర్థం కాలేదు. ఒక కుప్పను నమ్మి వెళ్తే కాళ్ల ముందే లోయ. గబుక్కున వెనక్కి తగ్గాం. చివరికి ఫోన్‌లో ఫోటోలు చూసుకుంటూ, అత్తయ్య మొక్కిన కుప్పలన్నీ వదిలేసి నడిస్తే మా బస్సు కనిపించింది.

"చూసినవా, అమ్మోరే తోవ చూపిచ్చింది" అంది అత్తయ్య.

అవునో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు.