ఏకేవాళ్లు లేని దూది

నా చిన్నప్పుడు కావలి దగ్గర బోగోలులో మా ఇంట ఎప్పుడూ రెండు వాసనలుండేవి. ఒకటి కొత్త దూదిది, రెండోది మా జేజి పొయ్యి మీద కాగే కషాయానిది. మా నాన్న పరుపులు కుట్టేవాడు. జేజి అంటే నాన్నను కన్నతల్లి. నేను బడికి పోలేదు. ఖురాను చదవడమైనా, తెలుగు అక్షరాలైనా, ముద్దకట్టిన దూదిని విడదీసి ఏకే నాన్న విల్లు టంగుటంగుమంటుంటే వసారాలో జేజి పక్కన కూర్చుని నేర్చుకున్నవే.

ఆ ఏడు మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చింది. వాడికి నాలుగేళ్లు నిండలేదు. కావలిలో డాక్టరమ్మ ఇచ్చిన మందులు చాలా రోజులు వాడితే, అల్లా దయవల్ల జ్వరం దిగింది. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో కష్టం మొదలైంది. ఇంటికొచ్చాక వాడికి విరేచనం కావడం మానేసింది. పొట్ట బిగుసుకుపోయింది. గంజి పట్టిస్తే మొహం తిప్పేసేవాడు. అమ్మ వాడి పొట్ట మీద చెయ్యి వేసేది, తీసేది, కాసేపాగి మళ్లీ వేసేది. జ్వరం చేతికి చిక్కని బిడ్డ ఇలా దక్కకుండా పోతాడేమోనన్న మాట ఎవరూ పైకి అనలేదు గాని, ఆ భయంతోనే ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుకునేవారు.

జేజి సునాముఖి ఆకు తీసింది. ప్రవక్త మెచ్చిన మందని మా వాళ్లకు ఆ ఆకంటే భక్తి. వీధిలో ఎవరికి కడుపు బిగిసినా జేజి కషాయం కోసమే వచ్చేవారు. సాయంత్రం నమాజు అయ్యాక తమ్ముడికి కాస్త పట్టించింది. తెల్లారేసరికి పని చేసి తీరాలి. చెయ్యలేదు. మరునాడు మళ్లీ పట్టించడానికి కాచింది. పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి, "నీ మాదిరే నీ ఆకు కూడా ముసిల్దైపొయినట్టుందే" అంది. మామూలుగా అయితే జేజి ఆ మాటకు రెండింతలు అప్పజెప్పేది. ఆ పూట మాత్రం ఆకును నలిపి వాసన చూసింది.

ఆ సాయంత్రమే తమ్ముడికి పట్టించాక నన్ను పిలిచి, బెల్లం నీళ్లని చెప్పి చిన్న గిన్నెలో ఏదో ఇచ్చింది. ఇంత దిగుల్లో కూడా జేజికి నేను గుర్తున్నానని మురిసిపోయి గటగటా తాగేశాను. తెల్లవారుజామున కడుపులో మెలితిప్పి దొడ్లోకి పరుగెత్తాను. వచ్చి కూర్చోకముందే మళ్లీ పరుగు. నీరసంగా తిరిగొచ్చేసరికి జేజి ఉప్పేసిన మజ్జిగ పట్టుకుని గడపలో నా కోసమే కూర్చుని ఉంది. నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఆమె గుండె నాకంటే గట్టిగా కొట్టుకుంటోంది.

తమ్ముడికి ఆ రోజూ ఏమీ కాలేదు.

నాన్న ఓపిక అయిపోయింది. ఆకు పాతబడి ఉంటుంది, గుప్పెళ్లతో వేసి చిక్కగా కాచమన్నాడు. అమ్మ కాచింది. అది తారులా నల్లగా ఉంది. గిన్నె తమ్ముడి నోటి దగ్గరికి పోతుంటే జేజి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగవే. ఆకు మంచిదే. అదే కుండలోది రాత్రి దీనికి పోసినా, అడుగు" అని నన్ను చూపించింది. "ఇద్దరూ తాగినారు. దీనికి పని చేసింది, వాడికి చెయ్యలా. వాడి కడుపులో ఏందో తక్కువైంది. అదేందో తెలీకుండా ఇంకా పొయ్యబాకండి."

చూస్తూ కూర్చోమంటావా అని నాన్న గట్టిగా అరిచాడు. తల్లి మీద ఆయన గొంతు లేవడం నేను వినడం అదే మొదలు. జేజి గిన్నె తీసుకుపోయి కషాయమంతా వాకిట్లో ఇసకలో పారబోసింది. ఆ నల్లటి మరక వంక నాన్న కాసేపు చూసి, తమ్ముణ్ని భుజాన వేసుకుని కావలి బస్సుకు బయల్దేరాడు. మేమంతా వెనకే నడిచాం.

డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కి, గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. మేము ఆమె మొహమే చూస్తున్నాం. పేగు ఎక్కడా మూసుకుపోలేదని చెప్పి, ఏమేం పట్టించారని అడిగింది. జేజి బెల్లం నీళ్ల సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ నావైపు చూసి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నిదానంగా వివరించింది. ఆ ఆకులోని మందు తనంతట తాను పని చెయ్యదట. కడుపు దాటి కింది పేగుకు చేరాక, అక్కడ కాపురముండే కంటికి కనిపించని జీవులు దాన్ని విడగొట్టి మారిస్తేనే అది మందవుతుందట. జ్వరం క్రిములను చంపిన మాత్రలు ఆ మంచి జీవులను కూడా చాలావరకు చంపేసి ఉంటాయంది.

నాన్నకు అర్థం కాలేదు. అయితే ఇంకాస్త ఎక్కువ పోస్తే, అని మళ్లీ మొదలుపెట్టాడు. అప్పుడు జేజి అంది:

"ఒరే అబ్బయా, ఏకేవాడు లేని ఇంట్లో ఇంకో నాలుగు బస్తాల దూది తెచ్చి పడేస్తే పరుపైపోద్దంట్రా?"

డాక్టరమ్మ "అంతే పెద్దమ్మా" అంది. అంత చిక్కటి కషాయం లోపలే నిలవుండి, మిగిలిన జీవులు తేరుకుని పనిలో దిగితే ఒక్కసారిగా ఊడ్చేసేదని, ఈ బక్కప్రాణం తట్టుకునేది కాదని కూడా అంది. నాన్న జేజి చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

అక్కడే ఎనిమా ఇచ్చారు. మధ్యాహ్నానికి పొట్ట మెత్తబడింది. తమ్ముడు కళ్లు తెరిచి అన్నం కావాలన్నాడు. అమ్మ ఏడ్చింది, ఆ ఏడుపులోనే అల్‌హమ్దులిల్లా అని అల్లా మేలు తలచుకుంది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టే రాగి అంబలి, మజ్జిగ, మెత్తగా ఉడికించిన ఆకుకూర, కాస్తకాస్తగా పెట్టుకుంటూ వచ్చాం. కడుపులోంచి పోయినవాళ్లు తిరిగి రావాలంటే వాళ్లకూ కూడు పెట్టాలి గదా అనేది జేజి. నెల తిరిగేసరికి వాడు దూది కుప్పలో దొర్లుతూ నాన్న చేత తిట్లు తింటున్నాడు.

నాకిప్పుడు జేజి వయసు వచ్చింది. తమ్ముడికి మనవలున్నారు. వాడి కొట్లో విల్లు పోయి మిషను వచ్చింది. మంచి మాట చెప్పినా పిల్లల తలకెక్కనప్పుడు, చేసిన మేలు ఎదుటివాళ్లకు అందనప్పుడు ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువగా పొయ్యాలని నాకూ అనిపిస్తుంది. అప్పుడు ఇసకలో ఆ నల్లటి మరక కళ్ల ముందుకొస్తుంది. గిన్నె కింద పెట్టి, లోపల ఏం తక్కువైందోనని చూస్తాను. రోజూ బిస్మిల్లా అని తొలి ముద్ద ఎత్తుతాను. ముద్ద దిగాక, నా లోపలి వసారాలో పేరు తెలియని ఎవరో విల్లు అందుకున్నట్టే ఉంటుంది. వాళ్లను అక్కడ పెట్టినవాడికి మనసులోనే అల్‌హమ్దులిల్లా చెప్పుకుంటాను.