జైనబ్ మళ్లీ చూడని ఇరవై మూడో నంబరు

పిల్లల చేతుల్లోంచి ఆట లాక్కున్నది మీరే. అవును, మన ఊరి పెద్దలు, మిమ్మల్నే అంటున్నాను. మొన్న మా చెల్లెలి ఇంట్లో ఈ ఏడాది క్రికెట్ కార్డుల సెట్టు చూశాను. మొత్తం ఒకేసారి కొనేశారు. సీలు కూడా తీయలేదు.

"ముట్టుకోకు అమ్మమ్మా, విలువ పోద్ది" అంది దాని మనవరాలు. ఆ మాట దానికి నేర్పిందెవరు?

డెబ్బైల్లో మన తిరువూరులో బబుల్ గమ్ పొట్లానికొక క్రికెటర్ బొమ్మ వచ్చేది, గుర్తుందా? ఏటా కొత్త సెట్టు. బొమ్మలకు ఆ తియ్యటి వాసన నెలల తరబడి పోయేది కాదు. అన్నం మెతుకులతో నోటుబుక్కులో అంటించేవాళ్లం.

ఓ ఏడు నాకు ఇరవై మూడో నంబరు ఒక్కటే తక్కువ. కొత్త సెట్టు వస్తే ఇక అది దొరకదు. నా క్లాసులోని జైనబ్ దగ్గర ఒకటుంది, కానీ అంటించేసింది. వాళ్ల నాన్నది బస్టాండు దగ్గర టీ హోటలు. నా ఏడుపు మొహం చూసి, మరిగే టీ గిన్నె ఆవిరి మీద తన పుస్తకం పేజీ పట్టింది. మెతుకులు మెత్తబడి బొమ్మ ఊడింది.

"నీ సెట్టు పాడవుద్ది కదే!"

"నా దాంట్లో ఎలాగూ ఎనిమిది బొమ్మలు లేవులేవే. నీదన్నా నిండనీ. చూడాలనిపిస్తే మీ ఇంటికొస్తా."

వచ్చింది. "సాయిబుల పిల్లకి లోపలేం పని?" అని మా నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసింది. పుస్తకం బయటికి తెచ్చి చూపించే ధైర్యం నాకు లేకపోయింది.

అందుకే అడుగుతున్నాను.

సీలు తీయండి.

పిల్లల్ని బొమ్మలు మార్చుకోనివ్వండి.

ఎవరి పిల్లలతో అని ఆరా తీయకండి.

గుమ్మంలో ఎవరినీ ఆపకండి.

జైనబ్ ఎక్కడుందో తెలిస్తే చెప్పండి. పుస్తకం నేనే తీసుకెళ్తాను.